పదిహేడో జత

మా కోలాటం గురువు మునిరత్నంగారు ఏనాడూ పేర్లు పిలిచి హాజరు తీసుకునేవారు కాదు. సాయంత్రం ఆరింటికి భజన గుడి ముందరి బండల మంటపంలో ముగ్గుపిండితో ఒక గుండ్రటి గీత గీసేవారు. మేం పదహారుమందిమి ఆ గీతకు లోపలి పక్కన నిలబడేవాళ్ళం. ఆయన నడిమధ్య నిలబడి, కళ్ళు మూసుకుని, "వరస కొట్టండమ్మా" అనేవారు. మొదట రెడ్డెమ్మక్క తన రెండు కోలలూ ఒక్కసారి తాకించేది. తర్వాత ఆమె పక్కనున్న సుగుణ. అట్లా ఒకరి తర్వాత ఒకరం ఒక్కొక్క దెబ్బ. చప్పుడు గుండ్రంగా తిరిగి వచ్చాక ఆయన లెక్క చెప్పేవారు. ఎవరు రాలేదో కూడా ఆయనే చెప్పేవారు. "చెంగమ్మ రాలేదే. కూతురి కాడికి పొయ్యిందా?" అనేవారు కళ్ళు తెరవకుండానే. ఆయన ముప్పై మూడేళ్ళు రైల్వేలో కీమాన్‌గా పనిచేసినవారు. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం, కొట్టి చూడడం, చప్పుడు వినడం. ఆ పని మానినా ఆ చెవి మానలేదు.

ఆయనకు రెండే కట్టుబాట్లు. కోల కోలను తప్ప ఇంకదేన్నీ తాకకూడదు. చీలిన కోల గీత దాటి లోపలికి రాకూడదు. ఒక్క కోల చీలినా పదహారుమంది తాళమూ చెడుతుందని ఆయన అనేవారు.

నేను ఆయనను ఒక ప్రశ్న అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పలేదనే రెండు నెలలు అనుకున్నాను. జరిగినది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ప్రణతి నా ఒక్కగానొక్క కూతురు. పదకొండేళ్ళు. చిన్నప్పటినుంచీ నెమ్మది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలో బీరువా పక్కన నిలబడేది. నోట్లో నాలుక లేని పిల్ల అని నలుగురూ అంటే నేను మురిసిపోయాను. చక్కెర తెమ్మంటే గడపలో నిలబడి "అర కిలో చక్కెర, అర కిలో చక్కెర" అని గొణుక్కునేది. పది నిమిషాలకు ఉత్త సంచితో తిరిగొచ్చి, "అంగడి మూసుండాది మా" అనేది. నేను పోతే అంగడి తెరిచే ఉండేది. అబద్ధాలు నేర్చిందనుకున్నాను. ఒక పెళ్ళిలో మా ఆడబిడ్డ పలకరిస్తే తల వంచుకుని నిలబడింది. "ఏం వదినా, మీ రాణీగారు మాతో మాట్లాడరా? పల్లకీ పంపించాలా?" అన్నది ఆడబిడ్డ. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఇంటికొచ్చి పాపను పొగరని తిట్టాను. ఆరో తరగతికి పెద్ద బడిలో చేర్చిన దగ్గరనుంచి పొద్దున్నే కడుపునొప్పి. ఆదివారం ఉండేది కాదు. ఆదివారం లేని నొప్పి నొప్పే కాదని తీర్మానించాను. అన్నీ చూశాను. చూసిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టాను. ఒక్కటీ సరైన పేరు కాదు.

ఆగస్టు మొదట్లో బడినుంచి కబురు వచ్చింది. సాయంత్రం పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోయాక వెళ్ళాను. క్లాసు టీచరు దామోదరం సారు రిజిస్టరు నావైపు తిప్పారు.

"ముప్పై ఒకటో నంబరు చూడండమ్మా. నలభై ఒక్క రోజులు ఆబ్సెంట్. మీ అమ్మాయి ఇంట్లో చెప్పే బయలుదేరుతుందా?"

"రోజూ నేనే జడ వేసి పంపిస్తాను సార్."

"అయితే యాడికి పోతా ఉందో మీరే కనుక్కోవాల. కాలం మంచిది కాదు."

దారి పొడవునా ఆ చివరి మాటే. ఇంటికొచ్చేసరికి ప్రణతి కింద కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఉంది. "యాడికి పోతా ఉండావే రోజూ?" అన్నాను. అది తలెత్తింది. పెదవులు కదిలాయి. "బడికే మా" అన్నది, వినీ వినపడనట్టు. ఇంకోసారి అడిగాను. ఈసారి పెదవులు కదిలాయి, మాట రాలేదు. తప్పు చేసినవాళ్ళకే నోరు రాదని మా అమ్మ అనేది. తలుపు పక్కన నా కోలల జత ఉంది. ఒకటి చేతికి తీసుకున్నాను. పిక్కల మీద రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బ ద్వారబంధానికి తగిలింది. కోల నిలువునా చీలింది. పాప ఏడవలేదు. పక్కకు కూడా జరగలేదు.

మరునాడు దానికి తెలియకుండా వెనకాలే వెళ్ళాను. అది నేరుగా బడికి పోయింది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చుంది. నేను వరండాలో కిటికీ రెక్క చాటున నిలబడ్డాను. దామోదరం సారు వచ్చి, రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండా నంబర్లు పిలవడం మొదలుపెట్టారు. యాభై ఆరుమంది పిల్లలు. పిలుపు వెంట పిలుపు, జవాబు వెంట జవాబు. ఇరవై దాటినప్పటినుంచి పాప బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది. "ముప్పై" అన్నారు. "ప్రెజెంట్ సార్" అన్నది దాని పక్కనున్న షాహీన్. "ముప్పై ఒకటి" అన్నారు. ప్రణతి సగం లేచింది. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. అంతా ఒక్క ఊపిరి పీల్చేంతసేపు. "ముప్పై రెండు" అన్నారు. అది కూర్చుంది. సారు పెన్ను కదిలింది. నలభై రెండో రోజు.

నిన్న నేను కొట్టింది బడికి పోయిన పిల్లను.

ఆగలేక లోపలికి పోయి సారుకు చెప్పేశాను. ఆయన నిర్ఘాంతపోయారు. మొదటి వారంలో షాహీన్ రెండుసార్లు దీని బదులు పలికిందట. దొంగ హాజరని ఆయన కోప్పడితే మానేసిందట. ఆయన చెడ్డవారు కాదు. "ఈ భయం మనమే పోగొట్టాలమ్మా" అన్నారు. పాపను ముందుకు పిలిచారు. "అందరూ వినేటట్టు ప్రెజెంట్ సార్ అను. పదిసార్లు అంటే అదే పోతుంది" అన్నారు. పాప నావైపు చూసింది. నేను అనమన్నట్టు తల ఊపాను. ఇది రాయకుండా ఉంటే బాగుండును. తల ఊపాను. యాభై ఐదుమంది చూస్తుండగా అది అక్కడే వాంతి చేసుకుంది.

ఆ తర్వాత బడికి పోలేదు. యూనిఫాం చేతికిస్తే చాలు, చేతులు చల్లబడేవి. దసరా సెలవులు అయ్యేలోగా రాకపోతే పేరు తీసేయాల్సి వస్తుందని హెడ్‌మాస్టరు చెప్పి పంపారు.

ఇంట్లో ఒంటరిగా వదల్లేక సాయంత్రాలు దాన్ని భజన గుడికి తీసుకుపోయేదాన్ని. అది మంటపంలో వెనక చివరి స్తంభం చాటున, గోడవైపు తిరిగి కూర్చునేది. మొదటి రోజు నా కోల చీలికకు దారం బిగించి చుట్టుకుని పోయాను. వరస నా దాకా వచ్చింది. కొట్టాను. గురువుగారు లెక్క పూర్తికాకుండానే కళ్ళు తెరిచారు.

"కస్తూరమ్మా, నీ కుడిచేతి కోల చీలింది."

"అవును గురువుగారూ."

"కోల మీద కోల పడితే అట్లా చీలదే. దేన్ని కొట్టినావు?"

నోరు తెరిచాను. మాట రాలేదు. పదిహేనుమంది నావైపే చూస్తున్నారు. ఆయన ఒక్క క్షణం చూశారు. "సరే, ఆట అయినాక కూర్చుందాం. ఈ పూట ఉత్త చేతులతో తాళం వెయ్యి" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఆట అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఉండి మొత్తం చెప్పాను. ఆయన ముగ్గుపిండి చిప్పను ఒళ్ళో పెట్టుకుని విన్నారు. చివర నా ప్రశ్న అడిగాను.

"గురువుగారూ, నా బిడ్డకు నోరు ఎట్లా వస్తుంది?"

ఆయన చిప్పను పక్కన పెట్టారు. తర్వాత, "నోటి సంగతి నాకు తెలీదమ్మా. నేను విని బతికినోణ్ణి, అంతే" అన్నారు. నా చేతిలోని కోలలవైపు చూశారు. "చీలిన కోల గీత దాటి లోపలికి రాకూడదు. ఆ జత పారెయ్యొద్దు. అదో, ఆ స్తంభం కాడ పెట్టు. రేపు నీకు వేరే జత ఇస్తా."

అది ప్రణతి కూర్చునే స్తంభం. నాకు శిక్ష వేశారనుకున్నాను. కొట్టిన కర్రను తీసుకుపోయి కొట్టించుకున్న పిల్ల పక్కన పెట్టడం కంటే వేరే శిక్ష ఉండదు. పెట్టాను. గురువుగారు పాపవైపు చూడనైనా చూడలేదు. పేరు కూడా అడగలేదు.

తర్వాతి రోజుల్లో ఏమీ జరగలేదు. గురువుగారు రోజూలాగే గీత గీసేవారు, రోజూలాగే మేం ఎగిరేవాళ్ళం. రెండో వారంలో రెడ్డెమ్మక్క సణుగుడు మొదలైంది. రెడ్డెమ్మక్క మాలో పెద్దది. నోరు ఆగదు.

"గురువుగారూ, కంటికి పొర వచ్చిందేమో చూపించుకోండి. గీత నడిమధ్యలో లేదు. ట్యూబులైటు ఆ పక్కుంటే మనం ఈ పక్క చీకట్లో ఎగరాల్నా?"

"వయసైంది కదమ్మా" అనేవారు ఆయన.

"ఈ పక్క బండలు ఎగుడుదిగుడు కూడా. నా కాలు మడత పడితే మా ఆయన మీ ఇంటి ముందర కూర్చుంటాడు."

"రానీ. కాఫీ తాగి పోతాడు."

మూడో వారం ఇంకో వింత. లెక్క తప్పడం మొదలైంది. వరస అయ్యాక కళ్ళు తెరిచి, "పదిహేడు" అన్నారు.

"పదహారే గురువుగారూ" అన్నది సుగుణ.

"అట్లనా" అని ఊరుకున్నారు. మరునాడు మళ్ళీ పదిహేడన్నారు. ఆ మరునాడు కూడా అంతే. రెడ్డెమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పదిహేడోది ఎవురు గురువుగారూ? మాకు తెలీకుండా యాడన్నా దాచిపెట్టినారా?" అన్నది. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. "ఉండాదిలే" అన్నారు. ఇంత మంచి చెవి చెడిపోతోందే అని నాకు లోపల జాలి వేసింది.

ఆ శుక్రవారం ఆట అయ్యాక నన్ను ఆపారు. "కస్తూరమ్మా, వరసలో నీ దెబ్బ అయినాక ఏం చేస్తావు?"

ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు. "ఏం చేస్తాను గురువుగారూ, కొంగు దోపుకుంటాను. పాట మొదలవుతుంది కదా."

"రేపొక్కరోజు దోపుకోవద్దు."

మరునాడు దోపుకోలేదు. నేను కొట్టాను. నా తర్వాత ఇద్దరు కొట్టారు. పదహారూ అయ్యాయి. చుట్టూ కొంగుల గరగర, గాజుల చప్పుడు, సుగుణ దగ్గు. నేను ఊపిరి బిగబట్టాను. అన్నిటి అడుగునా, నా వెనకనుంచి, సన్నగా ఒక్క దెబ్బ. చీలిన కోల దెబ్బ. ఆ గరగరమనే తోక నాకు తెలుసు. ద్వారబంధం దగ్గర విన్నాను.

"పదిహేడు" అన్నారు గురువుగారు.

ఆ తర్వాత నేను చేసింది ఏ తల్లైనా చేసేదే. కోలలు కింద పడేసి స్తంభం దగ్గరికి పరిగెత్తాను. పాప ఒళ్ళో ఆ జత ఉంది. చెయ్యి పట్టుకుని లేపాను. "నువ్వేనా తల్లీ! రా, లోపలికి రా, అందరితో కొట్టు రా!" అని లాగాను. ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో "బలే బంగారూ" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నా చేతిలో దాని చెయ్యి చల్లబడడం నాకు తెలుస్తూనే ఉంది. క్లాసులో చూసినట్టే నావైపు చూసింది.

మరునాడు అది మంటపంలోకే రాలేదు. బయటి అంచున, మేం చెప్పులు విడిచే చోట కూర్చుంది.

గురువుగారు నన్ను ఒక్క మాట అనలేదు. చిప్ప తీసుకుని మంటపం నడిమధ్యకు పోయి, మొదటి రోజు ఎక్కడ గీశారో అక్కడ గీత గీశారు. అప్పుడు చూశాను. బండల సందుల్లో పాత పిండి ఇంకా తెల్లగా మిగిలి ఉంది. గీత పక్కన గీత, ఒక్కొక్కటీ జానెడు దూరం, అన్నీ వెనక స్తంభంవైపే జరుగుతూ పోయాయి. ఇరవై రోజుల గీతలు. చివరి గీతకూ స్తంభానికీ మధ్య రెండు మూరలే మిగిలింది.

రెడ్డెమ్మక్క కూడా చూసింది. వంగి, వేలితో ఒక గీతను తాకి, స్తంభంవైపు చూసి, నావైపు చూసింది. మొదటిసారి ఆమె నోట మాట రాలేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మళ్ళీ మొదటినుంచా గురువుగారూ?"

"పిండి ఉండాది కదమ్మా" అన్నారు.

మరునాడు గీత మళ్ళీ జానెడు జరిగింది. స్తంభంవైపు కాదు. చెప్పులవైపు.

ఆరోజు పాట మొదలుకాకముందు రెడ్డెమ్మక్క అందరినీ దగ్గరికి పిలిచింది. "వినండి మే. వరస కొట్టేటప్పుడు ఎవురూ ఆ పక్క చూడొద్దు. దగ్గొద్దు. దెబ్బ అయినాక కొంగు సర్దుకున్నారంటే చేతులు ఇరుగుతాయి" అన్నది గుసగుసగా. చెంగమ్మ, "మరి పాప మంచిగా కొడితే ఏమన్నా అనొచ్చునా అక్కా?" అన్నది. "అనొద్దు. నీ మొగుడు కూర బాగుందని ఏరోజన్నా అన్నాడా? అయినా వండతా ఉండావు కదా" అన్నది రెడ్డెమ్మక్క.

పది రోజులు పదహారే. పదకొండో రోజు కూడా పదహారే. మొదటిసారి కంటే ఎక్కువ రోజులు పట్టింది, అది నా మూలాన. నేను ఒకటి మాత్రం గమనించాను. చీలిన జత స్తంభం దగ్గర లేదు. చెప్పుల దగ్గరికి పాప తనతోనే తీసుకుపోయింది.

గీత చెప్పుల దగ్గరికి వచ్చేసరికి కొత్త తగువు వచ్చింది. ముగ్గుపిండి గీత చెప్పులు విడిచే చోట వెయ్యడమేమిటని సుగుణకు పట్టుకుంది. "అపచారం కదా గురువుగారూ" అన్నది. ఆయన ఆలోచించారు. "నిజమేనమ్మా" అన్నారు. మరునాడు మేం వచ్చేసరికి ఆయనే ఆ చోటును కడిగి, తుడిచి ఉంచారు. చెప్పులు అవతలి వేపచెట్టు కింద విడవమన్నారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. చీపురు గోడకు ఆనించి ఉంది, ఇంకా తడిగానే.

దసరా సెలవులకు మూడు రోజుల ముందు గురువుగారు గీసిన గీత పాప వెనకనుంచి పోయింది. కూర్చున్న చోటునుంచి అది జరగలేదు. గీసేటప్పుడు ఆయన దానివైపు చూడలేదు. ముగ్గు గీసేవారు పీటను తప్పించి గీసినట్టు, కొంచెం వెడల్పుగా తిప్పి గీశారు. పాప తన వెనక పడ్డ గీతను చూసింది. చాలాసేపు చూసింది. లేచి పోలేదు.

"వరస కొట్టండమ్మా."

రెడ్డెమ్మక్క కొట్టింది. సుగుణ కొట్టింది. చప్పుడు తిరుగుతూ వచ్చింది. నేను కొట్టాను. నా కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను. పదహారోది చెంగమ్మ. తర్వాత నిశ్శబ్దం. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. ఒక్క కొంగు కదలలేదు. రెడ్డెమ్మక్క కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

టక్. గరగర.

"పదిహేడు" అన్నారు గురువుగారు, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. పాట మొదలుపెట్టారు.

ఆ సెలవుల్లో నేనూ గీత గీయడం నేర్చుకున్నాను. మొదటి రోజు పాపా నేనూ బడి గేటు దాకా పోయి తిరిగొచ్చాం. గేటు మూసి ఉంది. మూసి ఉండడమే మంచిదైంది. మూడో రోజు వాచ్‌మన్‌ను అడిగి వరండా దాకా పోయాం. ఆరో రోజు ఖాళీ క్లాసులో మూడో బెంచీలో ఇద్దరం కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాం. నేను ఏమీ చెప్పలేదు. అది బల్ల మీద ఎవరో చెక్కిన పేరు చదివి కొంచెం నవ్వింది. అది చదివే పేర్లన్నీ వింటూ కూర్చున్నాను.

తర్వాత దామోదరం సారు ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. పాప నోటితో పలకలేకపోతోందని, పెన్ను మూత బల్లకు తాకిస్తుందని, దాన్నే హాజరుగా తీసుకోమని అడిగాను. ముందుకు మాత్రం పిలవొద్దని చేతులు జోడించాను. ఆయన నా చేతులు దించమన్నారు. పాప వాంతి చేసుకున్న రోజునుంచి ఆయనకూ నిద్ర లేదని ఆయన భార్య చెప్పింది. సారు, "చప్పుడు కూడా అక్కర్లేదేమో అమ్మా. నేను తల ఎత్తితే సరిపోయేది కదా" అన్నారు.

బడి తెరిచిన రోజు పాప యూనిఫాం వేసుకుంది. జడ వేస్తుంటే మెడ చల్లగా తగిలింది. కడుపునొప్పి అన్నది. "నొప్పిగా ఉంటుంది" అన్నాను. అబద్ధమనలేదు. గేటు దాకా తోడు పోయాను. షాహీన్ అక్కడ నిలబడి ఉంది. కిటికీ దగ్గరికి మాత్రం నేను పోలేదు. పదిన్నరకు సారే ఫోను చేశారు. "ముప్పై ఒకటి ప్రెజెంట్ అమ్మా" అని పెట్టేశారు. చేతిలో కుడుతున్న రవికె పక్కన పెట్టి, కుట్టుమిషను మీద తల ఆనించుకుని కూర్చున్నాను.

ఇది చదివేవాళ్ళు పాప ఇప్పుడు గలగలా మాట్లాడుతోందని అనుకోవద్దు. ఇంటికి ఎవరైనా వస్తే ఇప్పటికీ బీరువా పక్కకు పోతుంది. చక్కెర తెమ్మంటే గడపలో గొణుక్కుంటుంది. ఒక్కోసారి తెస్తుంది. ఒక్కోసారి ఉత్త సంచితో వస్తుంది. అంగడి మూసుందని మాత్రం చెప్పడం మానేసింది. "ఈరోజు అడగలేకపోయినా మా" అంటుంది. "సరేలే" అంటాను. ఆ మాట నాతో చెప్పగలిగిందంటే ఆరోజుకు నాకు చక్కెర లేకపోయినా ఫరవాలేదు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం గురువుగారు ఒక్కరే ఉన్నప్పుడు కాళ్ళకు దండం పెట్టి జరిగినవన్నీ చెప్పాను. ఆయన చిప్పలోకి పిండి పోసుకుంటూ విన్నారు. మంటపం అంచున ప్రణతి తన చోటులో కూర్చుని ఉంది. చీలిన కోలకు నేను చుట్టిన దారం ఊడితే మళ్ళీ చుట్టుకుంటోంది. కొత్త జత ఇస్తామంటే తల అడ్డంగా ఊపిందట.

నాకు ఒక సందేహం మిగిలిపోయింది. అడిగాను. "గురువుగారూ, చీలిన కోల గీత దాటి లోపలికి రాకూడదంటారు కదా. నా కోలను రానియ్యలేదు. అదే కోలను రెండు నెలలుగా లెక్కలో వేసుకుంటా ఉండారు. కట్టుబాటు తప్పినట్టు కాదా?"

ఆయన లేచి, నడుం పట్టుకుని, పాప వెనకనుంచి గీత మొదలుపెట్టారు. వేళ్ళ సందులోంచి పిండి సన్నగా జారుతోంది. సగం దాకా గీశాక ఆగారు.

"అది గీత దాటి రాలేదు కదమ్మా," అన్నారు. "గీతే దాని కాడికి పొయ్యింది."